దాదీ దాచిన మైకా ముక్క



మొన్న ఆత్మకూరులో ఒక వలీమాకి పోయాను. దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నానో లేదో, పక్కనున్న ఒక ఖాలా అడిగేసింది. "ఏందమ్మా, నువ్వు జంగ్ మీద నవల రాస్తన్నావంట? మన వరికుంటపాడులో బాంబులు ఎప్పుడు పడ్డాయి?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నా దగ్గర జవాబు లేక కాదు. ఆ జవాబు బిర్యానీ చల్లారేలోపు అయిపోయేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఖాలా చదవకపోయినా ఆమె మనవరాలు చదువుతుందంట, చదివి వినిపిస్తుందంట.

ఖాలా అన్నది సచ్చే. మా ఊళ్ళో బాంబు పడలేదు. మా వైపు పిల్లలకు జంగ్ అంటే ఉదయగిరి దుర్గమే. కొండ మీద పాడుబడిన కోట గోడలు, మసీదు చూపించి, ఈ కోటను గజపతుల చేతిలోంచి గెలవడానికి కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేశాడని పెద్దవాళ్ళు చెప్తారు. అది రాజుల జంగ్. అది పుస్తకాల్లో ఉంది. మా ఇంట్లోకి వచ్చిన జంగ్ మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అది చప్పుడు లేకుండా వచ్చి, ఖామోషీగా మా ఇంట్లోనే కాపురం పెట్టింది.

మా దాదీ ఇంతెఖాల్ అయింది 2004లో. చాలీసా ఫాతెహా అయినాక ఫుప్పు దాదీ సందూఖ్ తెరిచింది. అందులో పెద్దగా ఏముంటుంది? ఒక జానిమాజ్, తెగిపోయి మళ్ళీ గుచ్చిన తస్బీ, పెళ్ళినాటి ఎర్ర దుపట్టా, ఉదయగిరి చెక్క గరిటెలు రెండు. అడుగున తెల్లగుడ్డలో చుట్టిన మైకా ముక్క. అరచెయ్యంత ఉంటుంది. లేత ఆకుపచ్చ రంగు. ఒక మూల గోధుమరంగు మరక. పిల్లకాయలప్పుడు మేము దాన్ని కంటికి అడ్డం పెట్టుకుని ఎండను చూసేవాళ్ళం. కాకిబంగారం అని పిలిచేవాళ్ళం. దాదీ ఎప్పుడూ వద్దనేది కాదు గానీ, ఆట అయినాక చెయ్యి చాపేది. ఇచ్చేదాకా ఆ చెయ్యి అట్లాగే ఉండేది.

ఆ ముక్క చేతికొచ్చిన రోజు నేను నవల రాస్తానని అనుకోలేదు. ఇది ఇక్కడ ఎందుకుంది అని మాత్రం అనుకున్నాను. దాదీ బంగారు కమ్మలు అమ్మి ఫుప్పు షాదీ చేసింది. వెండి పట్టీలు అమ్మి బావి తవ్వించింది. పైసా ఖరీదు చెయ్యని ఈ ముక్కను అరవై ఏళ్ళు ఎందుకు దాచింది?

దాదీ బతికున్నప్పుడు చెప్పినవి, ఫుప్పుకు యాద్ ఉన్నవి, అబ్బా నోరు జారినవి కలిపితే ఇంత తెలిసింది.

మా దాదా 1940లో పటాలంలో చేరాడు. కరువు సీమ, వానలు లేవు, రిజ్క్ కోసం పోయాడు. లారీ తోలడం నేర్పారు. మరుసటి ఏడు సింగపూర్ పంపారు. అప్పటికి ఫుప్పు ఒళ్ళో బిడ్డ. కొన్ని ఖత్‌లు వచ్చాయి, కొంత డబ్బు వచ్చింది. 1942 మొదట్లో ఖత్‌లు ఆగిపోయాయి. ఆ ఏడు ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతిలో పడిందని వరికుంటపాడులో దాదీకి ఎవరు చెప్తారు? ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మద్రాసు జనం మూటా ముల్లే సర్దుకుని ఊళ్ళు పట్టారు. ఆ కబుర్లు నెల్లూరు మీదుగా మా దాకా వచ్చాయి. దాదా కబురు మాత్రం రాలేదు. ఉన్నాడో లేడో తెలియదు. బేవా అనుకుని ఇద్దత్‌లో కూర్చోవాలో, సుహాగన్ అనుకుని గాజులు ఉంచుకోవాలో తెలియదు. దాదీకి అప్పుడు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

అత్తగారింట్లో తినే నోళ్ళు ఎక్కువ, తెచ్చే చేతులు తక్కువ. బిడ్డనెత్తుకుని దాదీ తన మైకాకి, అంటే రాపూరు వైపున్న పుట్టింటికి పోయింది. కొంత దూరం ఎద్దుబండి, కొంత దూరం బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు. పెట్రోలంతా జంగ్‌కే పోతున్న రోజులవి. ఇక్కడే మా ఇంట్లో పాత నవ్వులాట ఒకటుంది. దాదీని ఎవరైనా "ఆ మూడేళ్ళు యాడున్నావు?" అంటే, "మైకాలోనే. పగలు మైకా, రాత్రి మైకా" అనేది. పగలు చేసింది మైకా షెడ్డులో కూలి పని. రాత్రి పడుకున్నది మైకాలో, పుట్టింట్లో. ఉర్దూ మాట ఒకటి, ఇంగ్లీషు మాట ఒకటి. చెవికి రెండూ ఒకటే.

గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి తాలూకాల్లో మైకా గనులున్న సంగతి నెల్లూరు వాళ్ళకు కొత్త కాదు. ఆకుపచ్చ ఛాయ ఉన్న నెల్లూరు మైకాకు పెద్ద పేరు. నాకు కొత్తగా తెలిసింది ఏమిటంటే, ఆ జమానాలో అది తుపాకీ మందు అంత ముఖ్యమైన సరుకు. మైకా కాలదు, కరెంటును దాటనివ్వదు, కాగితం కన్నా పల్చని పొరలుగా విడిపోతుంది. రేడియో కండెన్సర్లలో అదే. రేడియో వాల్వుల్లో అదే. విమానం ఇంజన్ల స్పార్క్ ప్లగ్గుల్లోనూ అదే. మంచి పలకల మైకా ప్రపంచానికి ఎక్కువగా పోయేది మన హిందూస్తాన్ నుంచే. అందుకే 1942లో బ్రిటన్, అమెరికా కలిసి జాయింట్ మైకా మిషన్ అని ఒకటి పెట్టి ఇక్కడి సరుకు కొనసాగాయి.

ఆ సరుకును పొరలు తీసింది ఎవరు? మిషన్లు కాదు, ఆడవాళ్ళు. చాపల మీద వరసగా కూర్చుని, కత్తి మొన దూర్చి, వేలితో తడిమి, ఒక్కో పొరను విడదీసేవాళ్ళు. ఘోషా తప్పిందని అత్తగారి వైపు వాళ్ళు సణిగారంట. "ఘోషా తిండి పెడతదా?" అని దాదీ అన్నదంట. ఫుప్పును చీర ఉయ్యాలలో షెడ్డు దూలానికి కట్టేది. ఫుప్పుకు చిన్నప్పటి మొట్టమొదటి యాద్ ఒకటే. అన్నం తినిపించే అమ్మీ వేళ్ళ మీద మెరుపు. ఎంత కడిగినా పోని మెరుపు.

దాదీ దాచుకున్న ముక్క మరక ఉన్నందుకు పక్కన పడేసినది. "దాగ్ ఉంది, జంగ్‌కి పనికిరాదన్నారు. నాకు పనికొచ్చింది" అని చెప్పేది. దేనికి పనికొచ్చిందో చెప్పేది కాదు. ఇప్పుడు నేను ఒకటి అనుకుంటాను. ఆ మూడేళ్ళు ఆమె ఎవరి చెయ్యీ అడగకుండా తన చేత్తో సంపాదించుకుని బతికింది. దానికి నిషానీగా ఆ షెడ్డు నుంచి మిగిలింది ఆ ముక్కే. ఇది నా అందాజా మాత్రమే.

ప్రతి జుమేరాత్ వీలైనప్పుడల్లా ఏఎస్ పేట దర్గాకు పోయినవాళ్ళ చేత దువా పంపేది. హజ్రత్ రహ్మతుల్లా నాయబ్ రసూల్ దర్గా అది, మీ అందరికీ తెలిసిందే. దువా ఖబూల్ అయింది. 1946లో దాదా వచ్చాడు. ఎముకల గూడు వచ్చిందని ఫుప్పు అంటుంది. అయిదేళ్ళ ఫుప్పు ఆయన్ను చూసి తలుపు చాటున దాక్కుంది.

వచ్చాడు గానీ ఏమీ చెప్పలేదు. 1969లో పోయేదాకా చెప్పలేదు. ఇరవై మూడేళ్ళు. పటాలం కాగితాలు చెదలు తిన్నాయని అబ్బా అంటాడు. వచ్చిన రాత్రే పొయ్యిలో వేశాడని ఫుప్పు అంటుంది.

ఆయన గురించి మాకు మిగిలిన ఆనవాలు ఒకటుంది. దాదా ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో సగ్గుబియ్యం ఉడకలేదు. రంజాన్‌లో పక్కింటి నుంచి ఇఫ్తారీకి సగ్గుబియ్యం ఖీర్ వస్తే, దాదా ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, లేచి బయటికి పోయేవాడు. కోపంగా కాదు, మెల్లగా. ఎందుకో ఎవరూ అడగలేదు. అడగకపోవడమే అదబ్ అనుకున్నారు.

చాలా ఏళ్ళ తర్వాత, జపాన్ కింద ఉన్న మలయా, సింగపూర్ గురించి చదువుతుంటే ఒక వాక్యం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. బియ్యం దొరక్క అక్కడి జనం కర్రపెండలం తిని బతికారంట. మనం సగ్గుబియ్యం అనేది ఆ కర్రపెండలం పిండితో చేసేదే. ఎన్నో ఏళ్ళ కింద ఒక మనిషి దస్తర్‌ఖాన్ ముందు నుంచి ఎందుకు లేచాడో, వరికుంటపాడులో మా వంటింట్లో నిలబడి నాకు తెలిసింది. ఆయన కొడుక్కి తెలియనిది మనవరాలికి తెలిసింది. ఆ రోజే అనుకున్నాను, రాయాలి అని.

సింగపూర్ లొంగిపోయిన రెండో రోజు, 1942 ఫిబ్రవరి 17న, ఖైదీలైన హిందూస్తానీ సిపాయీలను ఫారర్ పార్క్ అనే మైదానంలో నిలబెట్టారు. నలభై అయిదు వేల మంది దాకా ఉంటారని రాస్తారు. బ్రిటిష్ అధికారి వాళ్ళను జపాన్‌కు అప్పగించాడు. జపాన్ తరఫున మేజర్ ఫుజివారా మాట్లాడాడు. ఆ తర్వాత కెప్టెన్ మోహన్ సింగ్ లేచి, బ్రిటిష్‌వాళ్ళ మీద పోరాడే ఫౌజ్‌లో చేరమన్నాడు. అదే ఆజాద్ హింద్ ఫౌజ్‌కు మొదలు. వేలమంది చేరారు. వేలమంది తిన్న ఉప్పుకు ద్రోహం చేయమన్నారు. కాదన్నవాళ్ళలో చాలామందిని కూలీలుగా న్యూగినీ లాంటి దీవులకు ఓడల్లో తోలారు. చాలామంది తిరిగి రాలేదు. చేరినవాళ్ళలో కొందరు 1944లో ఇంఫాల్ దాకా వచ్చి ఆకలితో, మలేరియాతో వెనక్కి నడిచారు. జంగ్ అయినాక బ్రిటిష్‌వాళ్ళు పట్టుకున్న ఫౌజీలను తెలుపు, బూడిద, నలుపు అని మూడు రకాలుగా విడదీశారు. 1945 నవంబర్‌లో ఎర్రకోటలో షానవాజ్ ఖాన్, సహగల్, ధిల్లన్ మీద ముకద్దమా మొదలైంది.

మా దాదా ఆ మైదానంలో ఉన్నాడా? ఉంటే చెయ్యి ఎత్తాడా, ఎత్తలేదా? కర్రపెండలం రెండు వైపుల వాళ్ళూ తిన్నారు. మలేరియా రెండు వైపుల వాళ్ళకూ వచ్చింది. ఖామోషీ రెండు వైపుల వాళ్ళకూ దక్కింది. నాకు దొరికిన ఒక్క జాడ కూడా ఆయన ఏ వైపో చెప్పదు.

ఇంకో సంగతి తట్టినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దాదా ఒకవేళ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో ఉండి ఉంటే, ఆయన తల మీద తిరిగిన బ్రిటిష్ విమానాల స్పార్క్ ప్లగ్గుల్లో దాదీ తీసిన పొర ఉండి ఉండొచ్చు. బిడ్డ పాల కోసం ఆమె చేసిన కూలి, ఆమె ఇంతజార్ చేస్తున్న మనిషి మీదకే ఎగిరి ఉండొచ్చు. ఇద్దరిలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఎవరూ ఏ తప్పూ చేయలేదు.

నూర్ ఇనాయత్ ఖాన్ గురించి మీలో చాలామందికి తెలుసు. టిప్పు సుల్తాన్ ఖాందాన్ బిడ్డ, సూఫీ హజ్రత్ ఇనాయత్ ఖాన్ కూతురు. పిల్లల కోసం జాతక కథలు రాసిన అమ్మాయి. 1943 జూన్‌లో బ్రిటిష్ గూఢచారిగా ఫ్రాన్స్‌లో దిగి, వైర్‌లెస్ సెట్టుతో ఒంటరిగా కబుర్లు పంపింది. ఆ అక్టోబర్‌లో పట్టుబడింది. 1944 సెప్టెంబర్ 13న దాహౌ క్యాంపులో ఆమెను కాల్చి చంపారు. ఆమె సెట్టులో నెల్లూరు మైకా ఉందని నేను చెప్పలేను. చెప్పకూడదు కూడా. ఉండి ఉండొచ్చు అని మాత్రం అనుకోగలను. నవల నాకు ఆ "ఉండి ఉండొచ్చు" దగ్గరే మొదలవుతుంది.

ఇక నా తప్పు సంగతి చెప్పాలి.

మొదటిసారి రాసినప్పుడు నేను రెండు కాలాలు పెట్టలేదు. 1940లో మొదలుపెట్టి తిన్నగా రాసుకుంటూ పోయాను. నా సిపాయీ ఫారర్ పార్క్‌లో అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. ఇంఫాల్‌లో జెండా పట్టుకుని పరిగెత్తాడు. మన హైదరాబాద్ ఆబిద్ హసన్‌ను కూడా తెచ్చి అతని పక్కన నిలబెట్టాను. ఆబిద్ హసన్ కిస్సా అసలే నవలలాంటిది. 1943 ఫిబ్రవరిలో నేతాజీతో కలిసి జర్మన్ సబ్‌మెరీన్ ఎక్కాడు. ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దగ్గర, పోటెత్తిన సముద్రంలో రబ్బరు తెప్ప మీద జపాన్ సబ్‌మెరీన్‌లోకి మారాడు. "జై హింద్" అనే సలాం ఆయన ఇచ్చిందేనంటారు. తర్వాత సఫ్రానీ అని పేరుకు చేర్చుకున్నాడు. ఆజాద్ హిందూస్తాన్‌కు రాయబారిగా కూడా పనిచేశాడు. అంత పెద్దమనిషి పక్కన నిలబడితే మా దాదా ఇజ్జత్ పెరుగుతుందని నా ఆశ.

నూట ఇరవై పేజీలు అయినాక ఫుప్పుకు చదివి వినిపించాను. తమలపాకు నములుతూ అంతా విన్నది. "బాగుంది బేటా. అయితే వీడు మా అబ్బా కాదు" అన్నది.

ఎందుకు కాదో అప్పుడు చెప్పింది. అంతవరకూ నాకు తెలియని కిస్సా అది.

1972లో, ఆజాదీ వచ్చి ఇరవై అయిదేళ్ళయిన సందర్భంగా, సర్కారు స్వాతంత్ర్య సమరయోధులకు పెన్షన్ పెట్టింది. ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్ళకూ వస్తుంది. వాళ్ళు లేకపోతే వాళ్ళ బేవాలకు వస్తుంది. మా దాదీ దగ్గరకు ఒక పెద్దమనిషి వచ్చాడు. "మీ ఆయన సింగపూర్‌లో ఉన్న సంగతి ఊరందరికీ తెలుసు. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో ఉన్నాడని ఒక్క వేలిముద్ర వెయ్యి. గవాహీలను నేను చూస్తాను" అన్నాడు. అప్పుడు మా అబ్బాకు పందొమ్మిదేళ్ళు. ఇంటర్ పాసై, కావలి కాలేజీలో బీఏ చేరాలని కూర్చున్నాడు. ఫీజుకు డబ్బుల్లేవు.

దాదీ వేలిముద్ర వెయ్యలేదు.

"ఆయన నాతో చెప్పలేదు. నేను కళ్ళతో చూడలేదు. తెలియని దానికి గవాహీ ఎట్లా ఇచ్చేది? రేపు ఖబర్‌లో నన్నడిగితే ఏం చెప్పేది?" అన్నదంట. అబ్బా కాళ్ళావేళ్ళా పడ్డాడు. "ఉన్నాడేమో అమ్మీ, నిజంగానే ఉన్నాడేమో" అన్నాడు. "ఏమో మీద వేలు పెట్టను బిడ్డా" అన్నది దాదీ.

అబ్బా కాలేజీకి పోలేదు. ఉదయగిరిలో ఒక దుకాణంలో లెక్కలు రాసే పనికి కుదిరాడు. బతుకంతా అదే పని. నేను దాదా గురించి అడిగినప్పుడల్లా "ఆ గోరీలు తవ్వొద్దు" అని ఎందుకు లేచిపోయేవాడో నాకు అప్పుడర్థమైంది. అది దాదా మీద అదబ్ అనుకున్నాను. కాదు. అది వాళ్ళమ్మ మీద కోపం. ఆ కోపానికి యాభై ఏళ్ళు. అమ్మ చేసింది సచ్చే అని తెలిసీ పోని కోపం అది.

ఆ రాత్రి నా నూట ఇరవై పేజీలు ముందేసుకుని కూర్చున్నాను. నేను చేసింది ఏమిటి? దాదీ వెయ్యనన్న వేలిముద్రను నేను పేజీ పేజీకీ వేశాను. పైసల కోసం ఆమె ఒప్పుకోని ఝూటీ గవాహీని నేను ఇజ్జత్ కోసం ఇచ్చాను. ఆ కాగితాలు పక్కన పెట్టేశాను.

మరి రాయడం మానెయ్యాలా? అదీ సరికాదనిపించింది. మానేస్తే మా ఇంటి ఖామోషీకి ఇంకో తరం కలుస్తుంది. ఆ తికమకలో ఉండగానే నాకు రెండు కాలాల నవలల మీద మనసు పడింది. ఇంగ్లీషులో ఇవి చాలా వస్తున్నాయి. కేట్ క్విన్ రాసిన "ది ఆలిస్ నెట్‌వర్క్" అని 2017 నాటి నవల ఉంది. అందులో ఒక కథ 1915లో, మొదటి జంగ్‌లో గూఢచారులైన ఆడవాళ్ళది. ఇంకో కథ 1947లో, పోయిన మనిషిని వెతికే అమ్మాయిది. ఒక అధ్యాయం అటు, ఒకటి ఇటు. అది చదువుతుంటే నాకు ఫ్రాన్స్ కనపడలేదు. మా ఇల్లు కనపడింది. చెప్పనివాళ్ళు ఒక జమానాలో, అడగనివాళ్ళు ఇంకో జమానాలో. మధ్యలో ఒక సందూఖ్. సస్పెన్స్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. దస్తర్‌ఖాన్ ముందు నుంచి ఒక మనిషి లేచిపోతే, ఎందుకు లేచాడో అరవై ఏళ్ళు ఎవరికీ తెలియకపోతే, అంతకు మించిన సస్పెన్స్ ఏముంది?

మన ఇంటి మాటలతో, మన వంటింటి వాసనతో తెలుగులో రాయొచ్చనే ధైర్యం మాత్రం నాకు బయటి నుంచి రాలేదు. మా నెల్లూరు జిల్లా ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు" చదివిన రోజే వచ్చింది.

కొత్తగా మొదలుపెట్టాను. ఒక కథ 1942 నుంచి 1946 దాకా. అందులో ఒక సిపాయీ, ఇంటి దగ్గర మైకా పొరలు తీసే అతని భార్య. ఇంకో కథ ఈ కాలంలో. చాలీసా అయినాక సందూఖ్ తెరిచే మనవరాలు. సిపాయీకి మా దాదా పేరు పెట్టలేదు, మా ఊరు పెట్టలేదు, లారీ కూడా ఇవ్వలేదు. వంటవాణ్ణి చేశాను. అతను మైదానంలో నిలబడి ఒక ఫైసలా చేసుకుంటాడు. అది పాఠకులకు తెలుస్తుంది. మనవరాలికి మాత్రం చివరిదాకా తెలియదు. ఆమె వెతుకుతుంది, దగ్గరదాకా వస్తుంది, చెయ్యి జారుతుంది. రెండు కాలాలనూ ఒకేసారి చూసేది చదివేవాళ్ళే. తెలియకుండా బతకడం ఎట్లా ఉంటుందో, తెలిస్తే ఏం బరువు మొయ్యాలో, రెండూ వాళ్ళకు ఒకేచోట అందుతాయి. తిన్నగా రాసిన కథలో నాకు ఇది కుదరలేదు. అందులో రాసేవాళ్ళకు అన్నీ తెలిసినట్టు నటించాలి. నాకేమో తెలియదు.

పేరు మార్చడం దాక్కోవడానికి కాదు. కథను కథ అని చెప్పి రాస్తే అది గవాహీ కాదు. ఇది జరిగింది అని నేను అనడం లేదు. ఇట్లాంటివి మన ఇళ్ళల్లో జరిగి ఉండొచ్చు, వినండి అంటున్నాను. ఫారర్ పార్క్ తారీఖు, బొగ్గు బస్సు, కర్రపెండలం, మైకా మరక, ఇవి మాత్రం సరిగ్గా ఉండాలి. జరిగిన వాటిలో ఝూట్ కలపకూడదు. మిగిలింది నా ఖయాల్ అని ముందే చెప్పెయ్యాలి. నేను పెట్టుకున్న షర్తు ఇంతే. అది నాకు నేర్పింది చదువుకున్నవాళ్ళు కాదు, సంతకం చేయడం కూడా రాని మా దాదీ.

అబ్బాకు చెప్పకుండా అచ్చుకు ఇవ్వకూడదనుకున్నాను. అబ్బాకు మోతియాబిందు ఆపరేషన్ అయిన రోజులవి. తనంతట తాను చదవలేడు. మగ్రిబ్ నమాజ్ అయినాక రోజూ ఒక అధ్యాయం చదివి వినిపించాను. మొదటి వారం ఏమీ అనలేదు. సగ్గుబియ్యం దగ్గర మాత్రం "ఊఁ" అన్నాడు. మైదానం అధ్యాయం అయినాక అడిగాడు.

"మీ దాదా ఏ వైపు?"

"తెలీదు అబ్బా. ఇందులో వాడు దాదా కాదు."

చాలాసేపు మాట్లాడలేదు. ఇషా అజాన్ అయ్యింది. లేవబోతూ గోడ పట్టుకుని ఆగాడు.

"ఆ వేలిముద్ర అధ్యాయం ఉంది చూడు, వెయ్యనంటది ఆమె... అది రేపు మళ్ళీ చదువు" అన్నాడు.

మరుసటి రోజు చదివాను. ఆ మరుసటి రోజు కూడా అదే చదవమన్నాడు. మూడోసారి అయినాక, "మైకా ముక్క నీ దగ్గరే ఉందా? పారెయ్యొద్దు" అన్నాడు. అబ్బా నుంచి నాకు దొరికిన ఇజాజత్ అదే.

ఖాలా, మీ సవాలుకు జవాబు ఇది. వరికుంటపాడులో బాంబు పడలేదు. కానీ జంగ్‌కు పోయినవాళ్ళు, జంగ్ కోసం కూలి చేసినవాళ్ళు, జంగ్ నుంచి వచ్చి నోరు విప్పనివాళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నారు. ఆబిద్ హసన్ గురించి, నూర్ గురించి పుస్తకాలున్నాయి. మన వాళ్ళకు సందూఖ్‌లే ఉన్నాయి.

చదివే మీ అందరికీ ఒక గుజారిష్. ఈసారి ఈద్‌కు ఇంట్లో బడేలోగ్ దగ్గర కూర్చోండి. జంగ్‌లో ఏం చేశారని అడగొద్దు. ఏ వంటకం తినేవాళ్ళు కాదు, ఏ పాట వింటే లేచిపోయేవాళ్ళు, ఆ సందూఖ్ అడుగున ఏముంది, ఇవి అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి, కింద తారీఖు వెయ్యండి. చెప్పకపోతే, చెప్పలేదని రాయండి. అదీ పనికొస్తుంది.

మా దాదా దాదీల మగ్‌ఫిరత్ కోసం దువా చేయండి. అబ్బా సెహత్ కోసం కూడా.

ఖుదా హాఫిజ్.